సైకిలుకీ సైన్యానికీ మధ్య సైతాను

ఫిబ్రవరి 3, మంగళవారం

ఒరేయ్ సిరాబుడ్డీ,

ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటని నవ్వకు. మా ఇంట్లో ఫోన్ హాల్లో ఉంది, హాల్లో అత్తయ్య ఉన్నారు.

డాక్టరు మళ్ళీ చూశాడు. గుండెలో కవాటం మార్చాల్సిందేనట. కాన్పు తర్వాత ఇంకా పాడైందట. మార్చి ఇరవై ఆరున ఆపరేషన్. చాలామందికి చేస్తారు, భయపడొద్దన్నాడు. నేను భయపడట్లేదు, అలిసిపోయానంతే. మెట్లెక్కితే అలుపు, పాపని ఎత్తుకుంటే అలుపు. నిన్న జడ వేసుకుంటూ మధ్యలో కూర్చుండిపోయాను.

ఆపరేషన్‌కి ముందే పాపకి జ్ఞానస్నానం చేయించాలి. మార్చి ఇరవై రెండు, ఆదివారం. జ్ఞానతండ్రిగా నువ్వు నిలబడాలి. మీ బావ మంచివాడే కానీ రైలు నడిపేవాడు, వారంలో నాలుగు రోజులు పట్టాల మీదే ఉంటాడు. పాప తరఫున జవాబు చెప్పడానికీ, రేపు నేను లేకపోతే పాపని పట్టించుకోవడానికీ ఇంకో మనిషి కావాలి. ఆ మనిషి పేరు చర్చి రిజిస్టర్‌లో ఉంటుంది. అక్కడ నీ పేరు ఉండాలని నా కోరిక. అత్తయ్య తన చెల్లెలి కొడుకుని అనుకుంటున్నారు, కళ్ళద్దాల షాపు అబ్బాయిని. పాపని చేతికిస్తే ముందు చొక్కా చూసుకుంటాడు.

నువ్వు చర్చి గడప తొక్కి పన్నెండేళ్ళయిందని తెలుసు. దేవుడు లేడని నాన్న ఎదురుగా నువ్వు చెప్పిన రోజూ గుర్తుంది. ఫాదర్ గారు అడుగుతారు: సైతానును విసర్జిస్తున్నావా, దేవుణ్ణి విశ్వసిస్తున్నావా అని. జవాబు చెప్పాలి. అదొక్కటే నీకు కష్టం.

అమ్మ బట్టలుతికి మనల్ని పెంచేటప్పుడు దుప్పట్లు మడతపెట్టడం మన వంతు. అవతలి కొసలు నీ చేతికిచ్చేదాన్ని. సగం మడత పడ్డాక నువ్వు చటుక్కున వదిలేసి పళ్ళికిలించేవాడివి. దుప్పటి నేలపాలు, నాకు మళ్ళీ ఉతుకు. ఇప్పుడు హోటల్ లాండ్రీలో నా ఎదురుగా నిలబడే ఆవిడ రోజంతా నోరు విప్పదు. కానీ ఆరేళ్ళలో ఒక్కసారీ కొస వదల్లేదు.

అవునో కాదో రాయి. ఒక్క ముక్క చాలు.

అక్క


ఫిబ్రవరి 8, ఆదివారం

గౌరవనీయులైన అక్కగారి సముఖమునకు,

విజ్ఞాన సర్వస్వం పదిహేడో సంపుటిలో 'స' అక్షరం మోసే కూలీ, తమ ఏకైక సోదరుడు, వినయవిధేయతలతో వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. నా కుర్చీ క్షేమం కాదు. దాని కుంటికాలి కింద 'అ' సంపుటి పెట్టారు. నేను రోజూ అకారాది జ్ఞానం మీద కూర్చుని పనిచేస్తున్నాను.

మా ప్రధాన సంపాదకులు ఎర్రపెన్ను గారు ఈ వారం నా 'సైకిలు' మూడుసార్లు వెనక్కి పంపారు. 'రెండు చక్రములు గల వాహనము' అని రాస్తే, అంచున 'ఎవరు లెక్కపెట్టారు? ఆధారం?' అని ఎర్ర సిరాతో ప్రశ్న. ఆయన ఇంట్లో కూడా అంతేనట. భార్య కాఫీ ఇస్తే ఆధారం అడుగుతారట.

నీ విషయం చదివాను. 'క' సంపుటిలో 'కవాటం' రాసింది నేనే, తెలుసా? పద్నాలుగు వాక్యాలు. నిన్న తీసి మళ్ళీ చదివాను. అన్నీ సరిగానే ఉన్నాయి. 'అక్క' అన్న మాట మాత్రం ఎక్కడా లేదు.

నీకు వారంలో జవాబు పంపుతాను. పద్ధతిగా, సంతకంతో. పాపగారికి నా నమస్కారాలు. ఆవిడకి పళ్ళొచ్చాక వివరంగా మాట్లాడతాను.

ఇట్లు,
భవదీయ సిరాబుడ్డి


[ఫిబ్రవరి 16న వచ్చిన కవరులోని కాగితం]

మేము సైతానును కొలుస్తామని లోకం అనుకుంటుంది. మాలో చాలామందిమి కొలవము. వాడున్నాడని కూడా నమ్మము. దేవుడున్నాడనీ నమ్మము. ఆ లెక్కన మేము నాస్తికులమే. కానీ ప్రతి నాస్తికుడూ మావాడు కాడు. మాకు సైతాను ఒక గుర్తు: తల వంచననడానికి, ప్రశ్న అడగడానికి, మనిషి తన బతుక్కి తానే యజమాని అనడానికి.

ఈ పేరు మొదట మేము పెట్టుకున్నది కాదు. క్రైస్తవులే ఒకరినొకరు తిట్టుకోవడానికి వాడారు. ఒక శాఖవారు ఇంకో శాఖవారిని సైతాను మనుషులన్నారు. ఆ తిట్టును టోపీలా తలకు పెట్టుకుని వీధిలోకి వచ్చినవాళ్ళం మేము, చాలా కాలం తర్వాత.

మాలో ఇంకో చిన్న గుంపు ఉంది. వారు సైతాను నిజంగా ఉన్నాడని నమ్మి ప్రార్థిస్తారు. వారికీ మాకూ పొసగదు.

ఇదే నా తుది ప్రతి. ఇంతకంటే ఒక్క అక్షరం మార్చలేను.


ఫిబ్రవరి 21, శనివారం

తమ్ముడికి,

నీ కవరు అత్తయ్య చేతికి అందింది. నేను పాపకి నీళ్ళు పోస్తున్నాను. "నీ తమ్ముడి జవాబు వచ్చిందమ్మా, నేను చదువుతాను నువ్వు విను" అంటూ ఆవిడే సరదాపడి చింపారు. మొదటి వాక్యం వీధి చివరిదాకా వినపడేలా చదివారు. రెండోదానికి గొంతు తగ్గింది. నాలుగోదానికి కుర్చీ కిర్రుమంది. తర్వాత ఏమీ వినపడలేదు. తువ్వాలు తీసుకుని బయటికొస్తే, కాగితాన్ని రెండు వేళ్ళతో, చచ్చిన బొద్దింకని పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చున్నారు.

"ఏమ్మా, మీ వాడు 'మేము' అంటున్నాడు. ఎంతమంది ఉంటారు?" అన్నారు.

నవ్వొచ్చింది కానీ నవ్వితే ఆయాసం.

నువ్వు సైతానును కొలవవని నాకు తెలుసు. పొద్దున పక్క దులపడానికే బద్ధకించేవాడివి, అంత పూజ నీ వల్ల కాదు. కానీ నేనడిగింది అవునో కాదో. నువ్వు పేజీడు తెలివితేటలు పంపావు. కింద 'ఒక్క అక్షరం మార్చలేను' అట. లేదు, రాను అని రెండు ముక్కలు రాస్తే సరిపోయేది కదరా. ఇలా చెప్పాలా? అది కూడా ఆటేనా?

అత్తయ్య కాగితం ఫాదర్ గారి దగ్గరికి పట్టుకెళ్ళారు. కళ్ళద్దాల అబ్బాయికే చెప్పమన్నాను. నీకు కోపంగా ఏదో రాద్దామని కూర్చున్నాను. ఓపిక లేదు. దుప్పటి మళ్ళీ కింద పడింది. ఈసారి వంగి తీయలేను.

అక్క


ఫిబ్రవరి 25, బుధవారం

అక్కా,

ముందు కూర్చో. పాపని బావకివ్వు. బావ పట్టాల మీదుంటే ఉయ్యాల్లో వెయ్యి. ఇప్పుడు చదువు.

మా ఆఫీసులో ఒక రూలుంది. ఏ మతం గురించి రాసినా, తొలి ప్రతి ఆ మతం మనిషి నోటితో, 'మేము' అని రాయాలి. 'అవతలివాడి కుర్చీలో కాసేపు కూర్చోని మనిషికి అవతలివాడి గురించి రాసే హక్కు లేదు' అని ఎర్రపెన్ను గారి సిద్ధాంతం. తర్వాత 'వారు' అని మార్చి అచ్చుకి పంపుతాం. పోయిన ఏడాది ఇలాగే నేను పదకొండు మతాల్లో ఒక్కోదాంట్లో నాలుగు రోజులు ఉన్నాను. ఈ నెల సైకిలుకీ సైన్యానికీ మధ్య నాకు సైతాను తగిలాడు. తుది ప్రతి అన్నది ఎర్రపెన్ను గారితో. ఆయనకి అలా గట్టిగా చెప్పకపోతే పదిసార్లు తిప్పి పంపుతారు.

నీకు పంపాల్సింది నా జవాబు. ఒకేరోజు, ఒకే బల్ల మీద, రెండు కవర్లు. మిగతాది నువ్వు ఊహించగలవు.

నీ ఉత్తరం వచ్చేదాకా నాకు తెలియదు. నీకు అవునని రాసేశానన్న ధీమాతో, 'థాంక్స్ అయినా చెప్పదేం ఈ మనిషి' అని అలిగి కూర్చున్నాను కూడా. ఎర్రపెన్ను గారిని అడిగితే నీకు రాసిన జవాబు సొరుగులోంచి తీసిచ్చారు. దిద్ది పెట్టారు. ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను. ఆయన ఎర్ర సిరా రాతలు బ్రాకెట్లలో పెట్టాను, గమనించు.

'అక్కా, వస్తాను. (ఎవరు? ఎప్పుడు?) పాపకి జ్ఞానతండ్రిగా నిలబడతాను. సైతానును విసర్జిస్తున్నావా అంటే వంద సార్లు చెబుతాను, నాకేం పోయింది, లేనివాణ్ణి వదిలెయ్యడం ఎంత సేపు. (చెప్పేవారికి ఈ విషయంలో నమ్మకం ఉన్నదా? లేనిచో ఈ వాక్యము నిలుచునా?) నువ్వేమీ కంగారు పడకు. (బాగున్నది. ఉంచవచ్చు.)'

కాబట్టి నేను అవునన్నాను అక్కా. పన్నెండు రోజుల క్రితమే అన్నాను. ఒట్టు.

సిరాబుడ్డి


మార్చి 2, సోమవారం

ఒరేయ్,

చదివాను. రెండుసార్లు. ఎర్ర సిరా దగ్గర నవ్వాను, తర్వాత పది నిమిషాలు గోడకి ఆనుకున్నాను. ఆయనకి నా నమస్కారం చెప్పు.

అత్తయ్యకి వివరంగా చెప్పాను. "అయితే పోయినేడాది పదకొండు మతాల్లో ఉన్నాడా!" అని ఇంకా ఎక్కువ కంగారుపడ్డారు. కానీ ఒకటి చెప్పాలి. ఆవిడ నీ పేజీని ఫాదర్ గారికిచ్చే ముందు నోటుపుస్తకంలో ఎత్తి రాసుకున్నారట. రోజూ కళ్ళజోడు పెట్టుకుని చదువుతున్నారు. నిన్న కూరగాయలు తరుగుతూ అడిగారు: "వీళ్ళు దేవుణ్ణీ నమ్మరు, సైతానునీ నమ్మరు. మరి ఆ పేరే ఎందుకమ్మా? ఏ పిల్లి పేరో పెట్టుకోవచ్చుగా?" "మనల్ని ఉడికించడానికేమో" అన్నాను. కత్తి పక్కన పెట్టి ఆలోచించారు. "అయితే పాపం, పొద్దస్తమానం మనల్నే చూస్తూ బతుకుతున్నారన్నమాట" అన్నారు.

పిల్లల్ని బలి ఇస్తారటగా, అది నిజమా అని కూడా అడగమన్నారు.

ఇక అసలు సంగతి. ఫాదర్ గారు వచ్చారు. నీ రెండో కాగితం కూడా చూపించాను, నువ్వు మంచివాడివని తెలియాలని. 'వంద సార్లు చెబుతాను, నాకేం పోయింది' దగ్గర ఆగిపోయారు. "అమ్మా, మొదటి కాగితం చూసి నేను బెదరలేదు. ఇది చూస్తే బెదురుగా ఉంది" అన్నారు. నువ్వు నిజంగా అనుకుని చెప్పగలిగితేనే రమ్మన్నారు. లేకపోతే వద్దన్నారు.

ఆ ఎర్రపెన్ను ఆయనా, ఈయనా ఒకే ప్రశ్న అడిగారు, చూశావా? జోకు వద్దురా. చెప్పగలవా?

అక్క


మార్చి 8, ఆదివారం

అక్కా,

జోకు లేకుండా రాయడం నాకు చొక్కా లేకుండా వీధిలోకి వెళ్ళడం లాంటిది. ప్రయత్నిస్తాను.

ముందు అత్తయ్యగారి ప్రశ్నలు. బలుల కథలు చాలా పుట్టాయి, జనం వణికిపోయారు, కొందరు అమాయకులు జైలుకి కూడా పోయారు. వెతికినవాళ్ళకి మాత్రం అలాంటి పెద్ద ముఠా ఏదీ దొరకలేదు. ఆ ముద్ర పడ్డ ఒకరిద్దరు పిచ్చివాళ్ళు ఎక్కడైనా ఉండొచ్చు, అన్ని ముద్రల కిందా ఉన్నట్టే. ఇక పిల్లి సంగతి. పిల్లిని చూస్తే ఎవరూ ఉలిక్కిపడరు కదా. సైతాను పేరుకి ఆ బలం ఇచ్చింది మీరే. మీ పుస్తకం లేకపోతే వాళ్ళకి జెండా లేదు. నిజంగా ప్రార్థించే ఆ చిన్న గుంపు అయితే సగం మీవాళ్ళే, మీరు చెడ్డవాడన్నవాణ్ణి మంచివాడంటారు, అంతే. ఆవిడ కూరగాయలు తరుగుతూ చెప్పిన ముక్క మా పేజీలో ఉంటే బాగుండేది. ఎర్రపెన్ను గారికి చెప్పాను. 'ఆధారం?' అన్నారు. 'మా అక్క అత్తగారు' అన్నాను. ఆ మాటా అంచున రాసుకుని, 'పరిశీలించవచ్చు' అన్నారు. ఆయన నోట అంత మాట వినడానికి జనం రిటైరయ్యేదాకా ఆగుతారు.

నేను మాత్రం వాళ్ళ మనిషిని కాను. వాళ్ళది లేనివాడి పేరు రాసిన జెండా. నాకు జెండా మోసే ఓపికే లేదు. నాస్తికత్వంలో నాకు నచ్చింది అదే, ఆదివారం పడుకోనిస్తుంది.

ఇక నీ ప్రశ్న.

చెప్పలేను అక్కా. లేడనుకునేవాణ్ణి విసర్జిస్తున్నానని చెప్పడం సులువే, నోరు తిరుగుతుంది. కానీ దాని వెనకాలే రెండో ప్రశ్న ఉంది, దేవుణ్ణి విశ్వసిస్తున్నావా అని. పాప నా చేతుల్లో ఉండగా, నువ్వు ముందు బెంచీలో కూర్చుని వింటుండగా, అబద్ధం చెప్పాలి. వంద సార్లు అన్నప్పుడు నేను దాన్ని ఆటగా అనుకున్నాను. నీకు అది ఆట కాదని ఇంత ఆలస్యంగా అర్థమైంది. దుప్పటి వదిలేసి నవ్వేవాణ్ణే కదా, అప్పుడూ అర్థం కాలేదు.

నన్ను కాదంటే కళ్ళద్దాల అబ్బాయికి నల్ల చొక్కా వేసుకోమను, మరకలు కనపడవు.

తమ్ముడు


మార్చి 13, శుక్రవారం

సిరాబుడ్డీ,

నీ ఉత్తరం అత్తయ్యకి చదివి వినిపించాను. ఈసారి నేనే చదివాను. 'పరిశీలించవచ్చు' దగ్గర ఆవిడ కొంగు సర్దుకున్నారు. ఆ సాయంత్రం ఆవిడే చర్చికి నడిచి వెళ్ళి వచ్చారు.

ఫాదర్ గారు చెప్పింది ఇది. జ్ఞానతండ్రిగా నిన్ను ఒప్పుకోలేరు. రిజిస్టర్‌లో నీ పేరు ఉండదు. జ్ఞానతల్లి ఒక్కరున్నా చాలునట, అత్తయ్య నిలబడతారు. జవాబులన్నీ ఆవిడే చెబుతారు. కళ్ళద్దాల అబ్బాయికి కబురు చేస్తే ఊపిరి పీల్చుకున్నాడట.

"మరి ఆ అబ్బాయి?" అని అత్తయ్య అడిగారట. "జవాబు చెప్పేవాళ్ళెవరో పుస్తకంలో ఉందమ్మా. పాపని ఎవరు ఎత్తుకోవాలో అంత గట్టిగా లేదు" అన్నారట ఆయన. నేను ఎత్తుకుని అంతసేపు నిలబడలేనని ఆయనకి తెలుసు.

పేరు రాయించాలని నాకు ఎంత ఆశ ఉండేదో నీకు తెలీదు. రాత్రీ పగలూ అదే. ఇప్పుడు అదీ పోయింది. పోనీలే. కోపం లేదురా, నిజంగా. నువ్వు చెప్పలేనన్నది చదివాక చాలా రోజుల తర్వాత మధ్యాహ్నం నిద్రపట్టింది.

ఇరవై రెండున, తొమ్మిదింటికి. తల దువ్వుకుని రా.

అక్క


మార్చి 25, బుధవారం

అక్కా,

ఇది నీ ఆసుపత్రి సంచిలో, దువ్వెన కింద పెడుతున్నాను. పక్క గదిలో కూర్చుని ఉత్తరమేమిటంటావు. ఎదురుగా ఉంటే జోకులేస్తాను, అందుకు.

ఆదివారం నువ్వు ముందు బెంచీలో ఉన్నావు. నీకు వినపడని ముక్క ఒకటుంది. ఫాదర్ గారు సైతాను ప్రశ్న అడిగారు. అత్తయ్యగారు 'విసర్జిస్తున్నాను' అన్నది మీ లాండ్రీదాకా వినపడి ఉంటుంది. నేను నోరు మూసుకుని నిలబడ్డాను. నెత్తి మీద నీళ్ళు పడగానే పాప చేపలా తన్నుకుంది, గుర్తుందా? ఒక్క క్షణం నా చెయ్యి జారింది. అప్పుడు అత్తయ్యగారు నా వైపు తిరక్కుండా, పెదాలు కదపకుండా అన్నారు: "గట్టిగా పట్టుకో నాయనా. వదిలేశావంటే సైతాను కంటే ముందు నేనొస్తాను."

"వదలనండీ" అన్నాను.

చర్చిలో నేను నిజంగా అనుకుని చెప్పిన మొదటి జవాబు అదే. రిజిస్టర్‌లో ఎక్కలేదు. నీకు తెలియాలని.

రేపు నేను కారిడార్‌లో ఉంటాను. ప్రార్థించడం నాకు రాదు. ఊరికే కూర్చుంటాను. 'కవాటం' పద్నాలుగు వాక్యాలూ కంఠతా వచ్చు, అవి చదువుకుంటాను.

సిరాబుడ్డి


ఏప్రిల్ 10, శుక్రవారం

ఒరేయ్,

చేతిరాత అత్తయ్యది, మాటలు నావి. (చేతులు వణుకుతున్నాయి నాయనా దీనికి. కంగారు పడకు, బానే ఉంది. మందులు వేసుకోమంటే మొహం తిప్పుతోంది.) అవన్నీ రాయకండి అత్తయ్యా. (రాస్తాను.)

ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. గుండె టకటకమంటోంది, గోడ గడియారం మింగినట్టు. పాప నా ఎద మీద చెవి పెట్టి వింటోంది. అలుపు ఇంకా ఉంది. కానీ ఇది పని చేసినవాళ్ళ అలుపులా ఉంది, మునుపటిది కాదు.

నువ్వు వెళ్ళిపోయాక ఇల్లు బోసిగా ఉంది. నీ 'స' ఎక్కడిదాకా వచ్చింది? (నా ముక్క అచ్చులో వేస్తున్నారో లేదో కనుక్కుని చెప్పు. పేరు వద్దు. ఊరికే తెలుసుకుందామని.)

రెండు నెలలు బరువు ఎత్తకూడదట. పాప కూడా బరువే అన్నాడు డాక్టరు. చేతులు భుజాల పైకి లేపకూడదట. నిన్న పాప దుప్పట్లు ఉతికి ఆరేశారు అత్తయ్య. మడతపెట్టబోతే ఒక పక్క ఆవిడ, ఇంకో పక్క నేను ఉండాలి, నాకు చెయ్యి లేవదు. దుప్పటి అలాగే మంచం మీద పడి ఉంది. బావ ఆదివారాలు బండి మీదే.

బస్సులో అయిదు గంటలని తెలుసు. ఆదివారాలు పడుకునేవాడివనీ తెలుసు. ఈ రెండు నెలలూ ఆదివారం ఆదివారం వస్తావా?

అవునో కాదో రాయి. ఒక్క ముక్క చాలు.

అక్క


ఏప్రిల్ 14, మంగళవారం

అక్కా,

అవును.

తమ్ముడు